చీరల మూటలకు కాపలా: తిరుపతిలో ఒక కారు అలారం పని

గత కార్తీక మాసంలో, రెండు రోజులుగా ముసురు వదలని ఒక ఉదయం, కపిలతీర్థం రోడ్డు పక్క వీధిలో ఉండే ఒక చీరల వ్యాపారి తన కారును మరో బండికి తాడు కట్టి లాగించుకుంటూ మా షాపుకు తెచ్చారు. అది 2012 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బేస్ వేరియంట్; ఫ్యాక్టరీ నుంచి సెంటర్ లాక్ గానీ రిమోట్ గానీ లేకుండా వచ్చిన బండి. నాలుగేళ్ల క్రితం వేరే ఊరిలో ఒక షాపువాళ్లు అలారం, సెంటర్ లాక్ కలిపి బిగించారు. ఆయన నారాయణవనం, నగరి, వెంకటగిరి నేతగాళ్ల దగ్గర సరుకు తీసుకుని శ్రీకాళహస్తి నుంచి చిత్తూరు దాకా దుకాణాలకు వేస్తారు. వెనక సీటు మడిచి దాని మీద మూటలు పేర్చుకుంటారు. పొద్దుపోయి ఇల్లు చేరిన రోజున వాటిని పై అంతస్తుకు మోయలేక కారులోనే వదిలేస్తారు. ఈ చివరి సంగతి ఆయన తనంతట తాను చెప్పలేదు, నేను గుచ్చి అడిగితే చెప్పారు. పని మొత్తం చివరికి దాని మీదే నడిచింది.

ఆయన అడిగింది మాత్రం ఒక్కటే. "ఈ అలారం పీకి పారెయ్ నా. రాత్రంతా అరస్తానే ఉండాది, వీధిలో ఎవురూ నా మొగం చూసేది లేదు" అన్నారు. మూడు నాలుగు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతోందని, అందుకే ఇవాళ లాగించుకుని రావలసి వచ్చిందని కూడా చెప్పారు. మాటల్లో మాటగా, పోయిన నెలలో తల్లిని తీసుకుని కొండకు వెళుతుండగా రెండో ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోయిందని, హ్యాండ్ బ్రేక్ వేసి తాళం తిప్పితే రెండోసారికి స్టార్ట్ అయిందని చెప్పి, "అది వేరే సంగతిలే నా, పెట్రోలు పంపు చూపించుకోవాల" అన్నారు. నాకు అది వేరే సంగతిగా తోచలేదు. అలారం బిగించిన బండి నడుస్తూ ఆగిపోయిందంటే నేను మొదట చూసేది పెట్రోలు పంపును కాదు, స్టీరింగు కింది వైర్లను.

ముందు బ్యాటరీని చార్జింగుకు పెట్టి, మరుసటి రోజు కరెంటు ఎక్కడికి పోతోందో కొలిచాను. బండి ఆపి, డోర్లు వేసి ఉన్నట్టు లాక్‌లను స్క్రూడ్రైవరుతో మూసి, మల్టీమీటరును పది ఆంపియర్ల రేంజిలో బ్యాటరీ నెగటివ్ వైరుకు వరుసలో కలిపి, అరగంట సేపు ఏమీ ముట్టుకోకుండా వదిలేశాను. తొందరపడి ఐదు నిమిషాలకే లెక్క రాసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కంప్యూటరు ఉన్న బండి పూర్తిగా నిద్రపోవడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. అలారం వేయకుండా చూస్తే 0.06 ఆంపియర్లు, వేశాక చూస్తే 0.21. బండి నిలిచి ఉన్నప్పుడు 0.05 లోపు ఉంటే నేను పట్టించుకోను. 0.21 అంటే రోజుకు ఐదు ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, అదీ మూడేళ్లు వాడినది, నాలుగో రోజు సెల్ఫ్ తిప్పలేకపోవడంలో వింత లేదు.

ఆ తేడా 0.15 దగ్గర నా అనుమానం సగం తీరిపోయింది, ఎందుకంటే మామూలు పన్నెండు వోల్టుల రిలే (కరెంటుతోనే పనిచేసే స్విచ్) లోపలి కాయిల్ తీసుకునే కరెంటు దాదాపు అంతే. స్టీరింగు కింది ప్లాస్టిక్ కవరు విప్పితే అంతా కళ్లకు కట్టింది. పాత షాపువాళ్లు ఇంజన్ కట్ రిలేను, అంటే దొంగ చేతిలో ఇంజన్ అందుకోకుండా వైరును తెంచే స్విచ్‌ను, సెల్ఫ్ వైరుకు కాక ఇగ్నిషన్ వైరుకు వేశారు. అదీ వైరును కోసి, కొసలు చేత్తో మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి. అలారం వేసినంత సేపూ కాయిల్ పట్టుకుని ఉండేలా కలిపారు కాబట్టి బండి నిద్రపోతున్నా రిలే మేలుకునే ఉంది. బండి నడుస్తున్నప్పుడు ఇగ్నిషన్ కరెంటంతా ఆ రెండు మెలికల గుండా, ఆ రిలే కాంటాక్టు గుండా పోవాలి. ఒక మెలిక దగ్గర ఇన్సులేషన్ వేడికి గోధుమరంగు తిరిగి, టేపు జిగురు కారి, వైరు వేలితో కదిపితే కదులుతోంది. ఘాట్ రోడ్డు మీద మొదటి గేరులో, ఏసీ వేసుకుని, ఇంజన్ వేడెక్కి, మలుపు మలుపుకూ బండి కుదుపుతుంటే ఆ మెలిక ఒక్క క్షణం వదిలేస్తే చాలు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఇంజన్ కట్ పెట్టాలనుకుంటే సెల్ఫ్ వైరులోనే పెట్టాలి. నా షాపులో ఇంకో రకంగా చేయను. సెల్ఫ్ వైరులో రిలే చెడిపోతే బండి ఇంటి ముందు స్టార్ట్ కాదు, అంతకన్నా నష్టం లేదు. ఇగ్నిషన్ వైరులోనో పెట్రోలు పంపు వైరులోనో చెడిపోతే నడుస్తున్న బండి ఆగుతుంది. దానితో పాటు పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకు అయిపోతుంది. ఎక్కేటప్పుడు కనుక ఆయన హ్యాండ్ బ్రేకుతో నిలబెట్టగలిగారు. దిగేటప్పుడు, మొదటి ఘాట్ రోడ్డులో, ఇదే జరిగి ఉంటే ఏమయ్యేదో ఆయనకు నేను చెప్పలేదు, ఆయనే అర్థం చేసుకుని కాసేపు బయట నిలబడ్డారు. కాయిల్ సంగతికి వస్తే, దాని ప్లస్‌ను తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరు నుంచి ఇచ్చి, ఎర్త్‌ను అలారం నుంచి ఇస్తే, దొంగ తాళం తిప్పినప్పుడే రిలే పట్టుకుంటుంది, మిగతా రాత్రంతా ఒక్క మిల్లీ ఆంపియరు కూడా తాగదు. ఇది పెద్ద విద్య కాదు, కిట్టుతో వచ్చే డయాగ్రంలోనే ఉంటుంది.

మిగిలింది అరుపుల సంగతి. ఈ విషయంలో నేను ఒక పూట వృథా చేశానని ఒప్పుకోవాలి. వెనక ఎడమ డోర్ స్విచ్ మీది రబ్బరు చిరిగి, లోపల తుప్పు కనిపించేసరికి దొంగ దొరికాడనుకుని దాన్ని మార్చి బండి పంపేశాను. ఆ రాత్రి కూడా అరిచింది. అప్పుడు చేయవలసిన పని చేశాను. పాత బిల్లు పుస్తకం ఒకటి ఆయన చేతికిచ్చి, అరిచిన ప్రతిసారీ టైము, వాన పడుతోందా లేదా, చుట్టూ ఏముందో రాయమన్నాను. వ్యాపారస్థుడు కాబట్టి లెక్క చక్కగా రాశారు. ఐదు రాత్రుల్లో పదకొండు అరుపులు. వాటిలో ఐదు వాన పడుతున్నప్పుడో, పడి వెలిసిన గంట లోపో; మరో ఐదు తెల్లవారి ఆరు నుంచి ఏడున్నర మధ్య; మిగిలిన ఒకటి పక్కింటివాళ్లు పేల్చిన టపాకాయకు. ఉదయం అరుపుల పక్కన ఆయన ఒకే మాట రాశారు: "కోతులు".

కొండ కింద వీధుల్లో బండి పెట్టేవాళ్లకు ఇది కొత్త కాదు. ఆయన ఇంటి ముందు వేపచెట్టు ఉంది. పొద్దున కోతుల గుంపు ఆ కొమ్మ మీద నుంచి కారు టాపు మీదికి, అక్కడ నుంచి గోడ మీదికి దూకుతుంది. పాత అలారంలో ఉన్న సెన్సారు ఒక్క షాక్ సెన్సారే, అంటే బండి కుదుపును పసిగట్టేది. దాన్ని డ్యాష్ బోర్డు లోపల ఏసీ గొట్టానికి రెండు వైపుల జిగురు టేపుతో అంటించి, సున్నితత్వాన్ని పూర్తిగా పెంచి ఉంచారు. టేపు ఒక వైపు ఊడి సెన్సారు వేలాడుతోంది. వాన అరుపులకు కారణం బానెట్ స్విచ్. అది వాన నీరు దిగే దారిలోనే బిగించి ఉంది, స్ప్రింగు తుప్పు పట్టి, నీరు చేరితే ఎర్త్ అందుకుంటోంది. సైరన్ సైతం నోరు పైకి పెట్టి, ఇంజన్ వేడి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డు పైనే బిగించారు. విప్పి వంచితే నీళ్లు కారాయి.

ఇంత చూశాక పీకి పారేయడం వరకు ఆయనతో నేనూ ఏకీభవించాను. కానీ దాని తర్వాత ఏమిటనే ప్రశ్న ఉంది. మూటలు కారులో ఉండే అలవాటు మారదని ఆయనే అన్నారు, మోకాళ్ల నొప్పి నిజమైన కారణం. ఆ వీధిలో రెండేళ్ల క్రితం ఒక యాత్రికుల బండి అద్దం పగలగొట్టి బ్యాగులు తీసుకుపోయిన సంఘటన ఆయనకు గుర్తుంది. అలారం కొనడానికి వచ్చే ప్రతివారినీ నేను మొదట అడిగేది ఎన్ని టోన్ల సైరన్ కావాలని కాదు. బండి పోతుందని భయమా, బండిలోది పోతుందని భయమా అని. ఈ బండి తాళంచెవిలో ఫ్యాక్టరీ చిప్పు ఉంది. తాళం పెట్టగానే మీటరులో తాళం గుర్తు దీపం వెలిగి ఆరుతుంది, చిప్పు లేని తాళంతో ఇంజన్ అందుకోదు. అంటే బండిని నడుపుకుని పోవడాన్ని కంపెనీయే కొంతవరకు అడ్డుకుంది. ఈయన భయం మూటల గురించి. అద్దం పగలగొట్టేవాడు తాళం జోలికి రాడు, అర నిమిషంలో చేయి పెట్టి మూట లాగి పోతాడు. అందువల్ల ఇంజన్ కట్ అసలు పెట్టనని చెప్పాను. ఘాట్ రోడ్డు అనుభవం తర్వాత ఆయన కూడా దాన్ని కోరలేదు.

షాక్ సెన్సారు కూడా ఈ పనికి అంతగా చాలదు. పక్క అద్దం టెంపర్డ్ గ్లాసు. గట్టి, సూదిమొన లాంటి వస్తువుతో ఒక మూల తాకితే చిన్న చప్పుడుతోనే ముక్కలై రాలిపోతుంది, బాడీ పెద్దగా కదలదు. దాన్ని పసిగట్టేంతగా సున్నితత్వం పెంచితే కోతి దూకినప్పుడల్లా అరవడం ఖాయం. కోతిని వదిలి చేతిని పట్టుకునే సెన్సారు కావాలి. అది అల్ట్రాసోనిక్ సెన్సారు: ముందు అద్దానికి రెండు వైపులా ఉండే పిల్లర్ల మీద రెండు చిన్న తలలు ఉంటాయి, ఒకటి మన చెవికి అందని శబ్దాన్ని పంపుతుంది, రెండోది అందుకుంటుంది, క్యాబిన్ లోపల ఏదైనా కదిలితే ఆ శబ్దం మారుతుంది. అద్దాలు మూసి ఉన్నంత వరకు టాపు మీద కోతులు పెళ్లి చేసుకున్నా దానికి పట్టదు. దాని బలహీనతలు దానికి ఉన్నాయి. అద్దం రెండు వేళ్లు దించి వదిలితే గాలికి అరుస్తుంది. మన ఎండలకు అలా దించి వదిలే అలవాటు చాలామందికి ఉంది కాబట్టి, ఆ అలవాటు ఉన్నవాళ్లకు నేను దీన్ని పెట్టను. ఈయన సరుకుకు దుమ్ము పడుతుందని అద్దాలు ఎప్పుడూ పూర్తిగా ఎత్తే ఉంచుతారు.

జీపీఎస్ ట్రాకరు గురించి ఆయన మేనల్లుడు అడిగాడు. బండి పోయాక ఎక్కడుందో అది చెబుతుంది, మూట పోతే చెప్పదు. ఇన్సూరెన్సు తగ్గుతుందా అని ఆయన అడిగారు: మోటార్ టారిఫ్ ప్రకారం ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న పరికరానికి ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా రూ.500 తగ్గింపు ఉంది; నేను పెట్టబోయే కిట్టుకు ఆ కాగితం లేదని అప్పుడే చెప్పాను. చివరికి తీసుకున్నది రెండు వైపులా మాట్లాడే రిమోటు ఉన్న కిట్టు. మామూలు రిమోటు ఆజ్ఞ పంపడంతో సరి. ఇది బండి నుంచి కబురు కూడా తెస్తుంది, ఏ డోరు తెరిచారో చిన్న తెర మీద చూపి వణుకుతుంది. పై అంతస్తులో పడుకునే మనిషికి అది సైరన్ కన్నా ముఖ్యం. నొక్కిన ప్రతిసారీ కోడు మారే రకం కావాలని మాత్రం నేను పట్టుబట్టాను. కోడు మారని చవక రిమోటు సంకేతాన్ని పక్కనుంచి పట్టుకుని మళ్లీ వినిపించి డోర్లు తెరవవచ్చు. కిట్టు, సెన్సారు, రెండు డోర్ స్విచ్‌లు, బానెట్ స్విచ్ కలిపి తొమ్మిది వేల లోపే అయింది.

బిగింపుకు ఏడు గంటలు పట్టింది, అందులో మూడు గంటలు పాతది విప్పడానికే. బ్యాటరీ నెగటివ్ తీసి, పాత వైర్లను ఒక్కొక్కటి మొదలు దాకా వెతికి తీశాను. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు పద్నాలుగు లెక్క తేలాయి. ఇగ్నిషన్ వైరును కాలిన మేర కోసేసి, అదే మందం వైరు ముక్కతో కలిపి, సోల్డరింగు చేసి, వేడికి ముడుచుకునే స్లీవు వేసి, జాయింటుకు రెండు వైపులా ట్యాగుతో కట్టాను. సోల్డరు చేసిన వైరు గట్టిపడిన అంచు దగ్గర కుదుపులకు విరుగుతుందని క్రింపింగే (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడమే) మేలని వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో నిజం ఉంది. అందుకే కట్టకుండా వదలను.

కొత్త మెయిన్ పవర్ బ్యాటరీ నుంచే నేరుగా తీసుకున్నాను, బ్యాటరీకి జానెడు లోపు ఫ్యూజు పెట్టి. ఫ్యూజు డ్యాష్ బోర్డు దగ్గర పెడితే బానెట్ లోపల వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు దానికి కాపలా ఉండదు. వైరును ఫైర్‌వాల్‌లో, అంటే ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడలో, ఉన్న రబ్బరు గ్రోమెట్ గుండా తీశాను, కొత్త కన్నం వేయలేదు. ఎర్త్‌ను స్టీరియో ఎర్త్‌తో కలపకుండా, కంపెనీ బోల్టు దగ్గర పెయింటు గీకి బిగించాను. ఎడమ కుడి ఇండికేటర్లకు విడివిడి వైర్లు ఇచ్చాను. రెండింటినీ ఒకటి చేస్తే మలుపు తిరిగినప్పుడల్లా నాలుగూ వెలుగుతాయి. సెంటర్ లాక్ మోటార్లు బాగానే ఉన్నందున వాటినే ఉంచాను.

డోర్ స్విచ్‌ల దగ్గర ఈ బండికి ఒక మెలిక ఉంది. డ్రైవరు డోరు స్విచ్ మీటరుకు వేరుగా పోతుంది, మిగతా మూడు రూఫ్ లైటుకు పోతాయి. రెండు వైర్లనూ అలారం ఇన్‌పుట్‌కు ఉత్తగా కలిపేస్తే ఒకదాని కరెంటు ఇంకోదానిలోకి తిరిగి వచ్చి, ఏ డోరు తీసినా అన్ని దీపాలూ వెలుగుతాయి. ఒక్కో వైరుకు కరెంటును ఒకే వైపు పోనిచ్చే ఒక్కో 1ఎన్4007 డయోడ్ వేసి వేరుచేశాను. ఆ డయోడ్ ఖరీదు ఐదు రూపాయలు కూడా ఉండదు, దాన్ని వేయని బండ్లు నెలకు రెండైనా నా దగ్గరికి వస్తాయి. డోరు మూశాక రూఫ్ లైటు మెల్లగా ఆరుతుంది కాబట్టి, ఆ వ్యవధి దాటాకే డోర్లను చూడమని కిట్టులో సెట్టింగు మార్చాను.

షాక్ సెన్సారును ఈసారి స్టీరింగు కింది ఇనుప బ్రాకెట్టుకు స్క్రూలతో బిగించి, బాగా తగ్గించి, చిన్న హెచ్చరిక కూతకే పరిమితం చేశాను; పూర్తి సైరన్ డోర్లకు, బానెట్‌కు, అల్ట్రాసోనిక్‌కు మాత్రమే. బానెట్ స్విచ్‌ను నీరు దిగే దారి నుంచి తప్పించాను. సైరన్‌ను ఎగ్జాస్ట్‌కు దూరంగా, ఎడమ వైపు, నోరు కిందికి పెట్టి బిగించాను. సైరన్ మోగే వ్యవధిని అతి తక్కువ సెట్టింగుకు, అంటే ముప్పై సెకన్లకు పెట్టాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతానికి ఉన్న పరిమితి 45 డెసిబెల్స్; ఏ సైరన్ మోగినా ఆ గీత దాటుతుంది, కనీసం తొందరగా నోరు మూయాలి. రిమోటు పోతే అలారాన్ని ఆపే వాలే స్విచ్ ఎక్కడ దాచానో ఆయనకొక్కరికే చేయి పట్టుకుని చూపించాను. సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఆ మోడ్‌లో పెట్టి ఇమ్మన్నాను.

పరీక్షకు కోతి దొరకదు కాబట్టి తడిపి ముద్ద చేసిన తువ్వాలును టాపు మీదికి అడుగున్నర ఎత్తు నుంచి పదిసార్లు వదిలాను; మూడుసార్లు చిన్న కూత వచ్చింది, సైరన్ ఒక్కసారీ రాలేదు. తర్వాత వెనక సీటు మీద మూటల పక్కన కదలకుండా కూర్చుని, అలారం వేయించి, ఒక నిమిషం ఆగి, చేయి చాచాను. వెంటనే మోగింది. అదే మూటలు లేకుండా, తర్వాత మూటలు కిటికీ ఎత్తు దాకా పేర్చి కూడా చూశాను; నిండుగా పేర్చినప్పుడు వెనక కుడి మూల కొంత మరుగున పడుతోంది, ఆ వైపు ఒక మూట తక్కువ పేర్చమన్నాను. కరెంటు మళ్లీ కొలిస్తే అలారం వేసి 0.04 ఆంపియర్లు. ఆ వారమే ఆయనతో పాటు కొండకు వెళ్లి వచ్చాను. ఇంజన్ ఎక్కడా తడబడలేదు.

బిల్లు పుస్తకంలో లెక్క మూడు వారాలు సాగింది. చిన్న కూతలు పంతొమ్మిది, దాదాపు అన్నీ తెల్లవారుజామున. పూర్తి సైరన్ మూడుసార్లు: ఒకటి మేనల్లుడు రిమోటు లేకుండా డోరు తీసినందుకు. మిగతా రెండూ మాకు కొంతసేపు అంతుపట్టలేదు, రెండూ బండి ఆపి అలారం వేసిన రెండు నిమిషాల లోపే వచ్చాయి. చివరికి చూస్తే ముందు అద్దానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ. డోరు గట్టిగా వేసినప్పుడు ఊగడం మొదలుపెట్టి, సరిగ్గా అల్ట్రాసోనిక్ తలల మధ్య ఊగుతోంది. తీసేయమంటే ఆయన ఒప్పుకోలేదు. దండ కింది కొసను దారంతో డ్యాష్ బోర్డు అంచుకు కట్టేశాం, అప్పటి నుంచి ఆ రకం అరుపు లేదు. వెనక ఎడమ లాక్ మోటారు మాత్రం చలి ఉదయాల్లో బద్ధకంగా లేస్తోంది. సంక్రాంతి అమ్మకాలు అయ్యాక తెస్తానన్నారు.